బ్యాంకాక్‌లో మొదటి రోజు తుస్సుమంది, మిగిలిన రెండ్రోజుల్లో ఏం చూడాలి?

ఒంటిసంచి:
నిన్న గురువారం పొద్దున దిగా, ఒక్కడినే, ఖావ్‌సాన్ రోడ్ పక్కన హాస్టల్. రాత్రంతా ఫ్లైట్‌లో కునుకు లేదు, అయినా చెకిన్ రెండింటికి అన్నారని బ్యాగ్ అక్కడ పడేసి గ్రాండ్ ప్యాలెస్ వైపు నడుచుకుంటూ పోయా. గోడ పక్కన ఇస్త్రీ చొక్కా వేసుకున్న పెద్దాయన ఒకాయన ఆపి ఇవాళ లోపల ఏదో పూజ ఉంది ఒంటిగంట దాకా పంపరు, ఈలోగా వేరే గుళ్లు చూసి రా అని నా మ్యాప్ మీద పెన్నుతో గీసి మరీ ఇచ్చాడు, టుక్‌టుక్ (అక్కడి ఆటో) కూడా ఆయనే ఆపాడు, మొత్తం తిప్పడానికి 20 బాత్‌లేనట, అదే వాళ్ల డబ్బు. అప్పుడైనా బుర్ర వెలగాలి కదా, వెలగలా. ఒక చిన్న గుడి, తర్వాత నగల షాపు, సూట్లు కుట్టే షాపు, మళ్లీ ఇంకో నగల షాపు. ఏమీ కొనలేదు గానీ తిరిగొచ్చేసరికి నాలుగు, టికెట్లు క్లోజ్. 

రేపు శనివారం రాత్రి చియాంగ్ మాయ్ ట్రైన్. లిస్టులో 14 చోట్లున్నాయి, కాళ్లకి బొబ్బలు. ఏవి కొట్టెయ్యమంటారు?

పడవపిచ్చి:
నగలు కొనలేదు కదా, అయితే నువ్వు గెలిచినట్టే బ్రో. వేల బాత్‌లు పోసి రాళ్లు కొనుక్కుని తర్వాత ఏడ్చినవాళ్లున్నారు. ఈ "ఇవాళ మూసేశారు" నాటకం అక్కడ చాలా పాతది. 20 బాత్‌కి తిప్పితే టుక్‌టుక్ వాడికేం గిడుతుందనుకున్నావ్, షాపువాళ్లు ఇచ్చే కమిషనే వాడి కూలి. ప్యాలెస్ నిజంగా మూసే రోజులు తక్కువ, మూసినా గేటు దగ్గర యూనిఫాం వాళ్లే చెప్తారు, రోడ్డు మీద ఎవడు చెప్పినా నవ్వేసి నడుస్తూనే ఉండు. ఇంకోసారి ఎవడైనా ఇరికిస్తే టూరిస్ట్ పోలీస్ నంబర్ 1155.

ఇవాళే వెళ్లు. మీ హాస్టల్ నుంచి ఫ్రా అథిత్ రేవుకి నడిచి ఆరెంజ్ జెండా పడవెక్కి థా చాంగ్‌లో దిగు. టూరిస్టు పడవ అని వేరే ఉంటుంది, దానికి రేటెక్కువ, వద్దు. 8:30కి గేటు తీస్తారు, అప్పటికే అక్కడుండు, పదింటికల్లా బస్సుల్లో గుంపులు దిగుతాయి. టికెట్ 500 బాత్, ఫుల్ ప్యాంటు వేసుకో, షార్ట్స్, చేతుల్లేని బనియన్లతో రానివ్వరు.

లోపల అందరూ పచ్చ బుద్ధుడి విగ్రహం దగ్గర తోసుకుంటుంటారు, నువ్వు చుట్టూ ఉన్న వరండా గోడలు చూడు. రామకియెన్ అని వాళ్ల రామాయణం, 178 బొమ్మలుగా గోడ పొడుగునా వేశారు. మన హనుమంతుడు అక్కడ బ్రహ్మచారి కాదు, ఏకంగా సముద్రంలో మత్స్యకన్యతో ప్రేమ కథ నడిపాడు. నేనైతే అక్కడే గంటన్నర ఉండిపోయా, మిగతా భవనాలు సరిగా చూడనే లేదు, ఆ బాధ కూడా లేదు.

అది అయ్యాక అలాగే నడిచి వాట్ ఫో గుడి, అక్కణ్ణుంచి థా తియెన్ రేవులో పడవెక్కి నది దాటితే వాట్ అరుణ్ గుడి. ఒక్క పూటలో మూడూ అయిపోతాయ్.

నీడపట్టు:
పై ఆయన మాట వింటే సాయంత్రానికి బొబ్బలు పగిలి హాస్టల్‌లో పడుంటావ్ తమ్ముడూ. ప్యాలెస్‌లో నీడ తక్కువ, మిట్టమధ్యాహ్నం ఆ బండల మీద వేడికి తల తిరుగుద్ది. ప్యాలెస్ చూసి రూమ్‌కెళ్లి పడుకో, నీకసలు నిద్ర బాకీ ఉంది. నాలుగింటికి వాట్ ఫో వెళ్లు, సాయంత్రం ఆరు దాకా తెరిచే ఉంటుంది, గుంపు తగ్గుతుంది. పడుకున్న బుద్ధుడు 46 మీటర్ల పొడుగు, ముఖం దగ్గర నిలబడి ఫొటో తీసుకుని వెళ్లిపోకు, అరికాళ్ల దాకా నడువు, ముత్యపు చిప్పతో పొదిగిన 108 గుర్తులు అక్కడున్నాయి. వెనకవైపు కంచు గిన్నెల వరసలో చిల్లర వేసే చప్పుడు మాత్రం నాకు ఇప్పటికీ చెవుల్లో ఉంది. గుళ్లోనే మసాజ్ స్కూల్ కూడా ఉంది, నీ కాళ్లకి అదే మందు.

వాట్ అరుణ్ గోపురం ఎక్కక్కర్లా, చీకటి పడే టైంకి ఇవతలి ఒడ్డున కూచుంటే వెనక సూర్యుడు దిగుతాడు, చాలు.

రాత్రిబండి:
అసలు విషయం ఎవరూ అడగలా, ట్రైన్ ఏ స్టేషన్ నుంచి? పాత బ్లాగులు చూసి హువా లంఫోంగ్ అనే పాత స్టేషన్‌కి వెళ్తే మునిగిపోతావ్. 2023 జనవరి నుంచి చియాంగ్ మాయ్ బళ్లు క్రుంగ్ థెప్ అఫివాత్ అనే కొత్త స్టేషన్ నుంచే, బాంగ్ సూ మెట్రోలో దిగాలి. శనివారం కాబట్టి చతుచక్ సంత ఉంటుంది, కంఫేంగ్ ఫెట్ మెట్రో బయటికొస్తే సంతలోనే తేల్తావ్, అక్కణ్ణుంచి బాంగ్ సూ ఒక్కటే స్టాపు. పగలంతా అక్కడే తిరిగి ట్రైనెక్కెయ్. లిస్టులో మిగతా పదీ కొట్టెయ్.

ఒంటిసంచి:
హువా లంఫోంగ్ అనే రాసుకున్నా!! బతికించారు అన్నా. నీడపట్టు గారు చెప్పినట్టే చేశా, ప్యాలెస్ చూసి వచ్చి పడుకుంటే ఐదింటికి లేచా, పరిగెత్తుకెళ్లి వాట్ ఫో పట్టుకున్నా. మత్స్యకన్య బొమ్మ మాత్రం ఎంత వెతికినా కనపళ్లా, పడవపిచ్చి బ్రో అది ఏ వైపు గోడ? ఇంకో సంగతి, పొద్దున అదే గోడ పక్కన అదే పెద్దాయన, చొక్కా మారింది అంతే, నన్ను గుర్తుపట్టకుండా మళ్లీ ఇవాళ పూజ ఉందన్నాడు.