ఏప్రిల్ 14 తర్వాత విశాఖలో లాక్‌డౌన్ కొనసాగాలా, పనులు మొదలుకావాలా?

ప్రశ్న (ఆటోనగర్, గాజువాక) — ఏప్రిల్ 12, 2020

ఆటోనగర్‌లో చిన్న ఫ్యాబ్రికేషన్ షెడ్డు నడుపుతున్నాను. నా దగ్గర పనిచేసే వెల్డర్లలో ఎక్కువమంది శ్రీకాకుళం జిల్లా వారు, ఇద్దరు బిహార్ నుంచి వచ్చినవారు. కరోనా వ్యాధి (కోవిడ్) వల్ల దేశవ్యాప్త లాక్‌డౌన్ మార్చి 25న మొదలైనప్పటి నుంచి షెడ్డు మూసే ఉంది. ఆ 21 రోజుల గడువు ఎల్లుండితో ముగుస్తుంది. ఒడిశా ప్రభుత్వం ఇప్పటికే ఏప్రిల్ 30 దాకా పొడిగించింది. నిన్న ప్రధానితో జరిగిన వీడియో సమావేశంలో మన ముఖ్యమంత్రి మాత్రం, రాష్ట్రంలోని 676 మండలాల్లో వ్యాధి కనిపించినవి 81 మాత్రమే కనుక ఆంక్షలను రెడ్ జోన్లకు పరిమితం చేసి, మిగిలిన చోట్ల పనులు సాగనివ్వాలని కోరారు.

నా సందేహం ఇది. చైనా వ్యాధి నియంత్రణ సంస్థ 44 వేలకు పైగా నిర్ధారిత కేసులను పరిశీలించి ఫిబ్రవరిలో ప్రకటించిన లెక్కల ప్రకారం, వ్యాధి సోకినవారిలో 81 శాతం మందికి లక్షణాలు స్వల్పంగానే ఉన్నాయి. పది నుంచి నలభై ఏళ్ల లోపు వారిలో మరణాలు 0.2 శాతం కాగా, ఎనభై దాటినవారిలో 14.8 శాతం. అలాంటప్పుడు పెద్దవారిని ఇళ్లలో భద్రంగా ఉంచి, వయసులో ఉన్నవారు జాగ్రత్తలతో పనిచేసుకుంటే సరిపోదా? ఊరంతటినీ ఒకే తాడుతో ఎందుకు కట్టాలి? మా అమ్మకు డెబ్బై దాటాయి, షుగరు ఉంది, నాతోనే ఉంటుంది. కాబట్టి ఈ ప్రశ్న నేను తేలిగ్గా అడగడం లేదు. మార్చి జీతాలు పూర్తిగా ఇచ్చాను. ఏప్రిల్‌లో కూడా కోత లేకుండా ఇవ్వాలని కేంద్ర హోంశాఖ ఉత్తర్వు చెబుతోంది. బ్యాంకు వాయిదాలకు రిజర్వు బ్యాంకు మూడు నెలల వెసులుబాటు ఇచ్చినా వడ్డీ మాత్రం పెరుగుతూనే ఉంటుంది. తెలిసినవారు దయచేసి వివరంగా చెప్పండి.

సమాధానం (ఎం.వి.పి. కాలనీ, విశ్రాంత గణాంకశాస్త్ర అధ్యాపకుడు)

మీరు చెప్పిన అంకెలు సరైనవే. అయితే అదే నివేదికలో మిగిలిన 19 శాతం సంగతి కూడా ఉంది. వారిలో 14 శాతం మందికి జబ్బు తీవ్రంగా ఉంది, 5 శాతం మంది ప్రాణాపాయ స్థితికి చేరారు. షుగరు ఉన్నవారిలో మరణాలు 7.3 శాతం. మీ తల్లిగారికి వయసు, షుగరు రెండూ ఉన్నాయి కనుక ఈ చివరి అంకెను మీరు తప్పక గుర్తుంచుకోవాలి.

కానీ నేను ముఖ్యంగా చెప్పదలచింది శాతాల గురించి కాదు, వేగం గురించి. దేశంలో కేసులు 4.1 రోజులకు ఒకసారి రెట్టింపవుతున్నాయని కేంద్ర ఆరోగ్యశాఖ ఏప్రిల్ 5న చెప్పింది. ఒక ఊళ్లో 20 కేసులు ఉన్నాయనుకుందాం. నాలుగు రోజులకు ఒకసారి రెట్టింపైతే 28 రోజుల్లో అవి 2,560 అవుతాయి. ఏడు రోజులకు ఒకసారి రెట్టింపైతే అదే 28 రోజుల్లో 320 దగ్గర ఆగుతాయి. అందులో ప్రాణాపాయంలో పడేవారు 5 శాతం అనుకుంటే మొదటి లెక్కలో 128 మంది, రెండో లెక్కలో 16 మంది. వ్యాధి అదే, శాతమూ అదే. పదహారు మందికి మన నగరంలో వెంటిలేటర్లు, వాటిని నడపగల వైద్యులు, నర్సులు దొరుకుతారు. 128 మంది ఒకేసారి వస్తే, ఆక్సిజన్ అందితే బతికే ముప్పై ఏళ్ల మనిషి కూడా వరండాలో ఉండిపోతాడు. మీరు చూపిన 0.2 శాతం అన్ని చోట్లా ఒకేలా ఉండదు, మంచాలు నిండిపోతే అది పెరుగుతుంది. ఇటలీలో లంబార్డీ ప్రాంతం మంచి ఆసుపత్రులున్న సంపన్న ప్రాంతమే అయినా మార్చిలో అక్కడి ఆసుపత్రులు రోగులతో నిండిపోవడం అందరం చూశాం.

ఇక పెద్దవారిని విడిగా ఉంచడం గురించి. జపాన్ తీరంలో నిలిపివేసిన డైమండ్ ప్రిన్సెస్ నౌకలో 3,711 మంది ఉండగా 700 మందికి పైగా వ్యాధి సోకింది. పరీక్ష జరిగిన సమయానికి వారిలో సుమారు సగం మందికి ఏ లక్షణమూ లేదు. మీ వెల్డర్లలో ఎవరికైనా సోకితే అతనికే తెలియకపోవచ్చు, అతని పక్కన నిలబడిన మీకూ తెలియదు. సాయంత్రం మీరు ఇంటికి వెళ్లి అమ్మగారికి మందులు ఇస్తారు. పెద్దవారికి వేరే ఇల్లు, వేరే వంట, వేరే స్నానాల గది ఉన్న కుటుంబాలు మన నగరంలో ఎన్ని ఉంటాయి? ఎక్కువ ఇళ్లలో మనవలు పడుకునేది నాయనమ్మ పక్కనే. వయసులో ఉన్నవారిలో వ్యాధిని పాకనిచ్చి పెద్దవారిని కాపాడడం మన ఇళ్లలో సాధ్యపడే పని కాదు.

1918 నాటి ఇన్‌ఫ్లుయెంజాలో అమెరికాలోని ఫిలడెల్ఫియా నగరం సెప్టెంబరు 28న పెద్ద ఊరేగింపు జరిపి, కొద్ది రోజుల్లోనే శవాలను ఖననం చేయలేని స్థితికి వచ్చింది. సెయింట్ లూయిస్ తొలి కేసులు కనిపించగానే బడులు, సినిమా హాళ్లు, సభలు మూసివేసినందున అక్కడ మరణాల తీవ్రత చాలా తగ్గింది. అయితే ఆంక్షలు సడలించాక ఆ నగరంలో కూడా మరణాలు మళ్లీ పెరిగాయి. అంటే మూసివేత వ్యాధిని నయం చేయదు, కొంత వ్యవధి మాత్రం సంపాదించిపెడుతుంది. ఆ వ్యవధిలో పరీక్షలు పెంచారా, సోకినవారిని కలిసినవారిని వెతికి పట్టుకున్నారా, పడకలు సిద్ధం చేశారా అన్నదే మనం ప్రభుత్వాన్ని అడగవలసిన ప్రశ్న. మన నగరంలోని విమ్స్ ఆసుపత్రిని రాష్ట్రస్థాయి కోవిడ్ ఆసుపత్రిగా మార్చారు, అది మంచి పని. ఆ పనులు ఇంకా సాగుతున్నాయి కాబట్టి మరో రెండు మూడు వారాల పొడిగింపు అవసరమనే నేను అనుకుంటున్నాను.

సమాధానం (జాలరిపేట)

మాస్టారూ, మీ లెక్కను నేను కాదనడం లేదు. కానీ మీరు చెప్పిన ఊళ్లో అందరూ ఒకే రకం ఇళ్లలో ఉన్నట్టు అనిపించింది. మా పేటలో ఒక్క గదిలో ఆరుగురు, ఏడుగురు ఉంటారు. కుళాయి అందరిదీ, గోడలు పక్కింటితో కలిసే ఉంటాయి. మగవాళ్లు వేటకు వెళ్లినప్పుడు ఇంట్లో కాస్త చోటు ఉండేది. ఇప్పుడు అందరూ పగలూ రాత్రీ ఆ గదిలోనే ఉన్నారు. లాక్‌డౌన్ వల్ల మీ కాలనీలో మనిషికీ మనిషికీ మధ్య దూరం పెరిగి ఉండవచ్చు, మా ఇళ్లలో మాత్రం అది తగ్గింది. అందరికీ ఒకే ఆంక్ష పెట్టినప్పుడు ఎవరి ప్రమాదం ఎంత తగ్గింది, దాని ఖరీదు ఎవరు కట్టారు అన్నది కూడా లెక్కలో ఉండాలి.

మా అమ్మ హార్బరులో చేపలు కొని గంపతో వీధివీధీ తిరిగి అమ్మేది. వేట ఆగిన రోజే ఆమె సంపాదనా ఆగింది. ఎల్లుండి గడువు ముగిసినా మా మరపడవలు కదలవు, ఎందుకంటే ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు ప్రతి ఏడూ ఉండే 61 రోజుల వేట నిషేధం మొదలవుతుంది. నిషేధానికి ముందు వచ్చే ఈ రోజుల సంపాదనతోనే ఆ రెండు నెలలూ గడుపుకుంటాం. ఈసారి ఆ రోజులే పోయాయి. నిషేధ కాలానికి ఇచ్చే భృతిని నిరుడు పది వేలు చేశారు, అది మాకు కొండంత అండ, కానీ అది రెండు నెలల కోసం లెక్కగట్టినది. మార్చి 29న ఉచిత బియ్యం, కిలో కందిపప్పు ఇచ్చారు. ఏప్రిల్ 4న కార్డుకు వెయ్యి రూపాయలు వాలంటీర్లు ఇంటికి తెచ్చి ఇచ్చారు. అందినదాన్ని అందలేదని నేను చెప్పను. కానీ ఏడుగురున్న ఇంటికి వెయ్యి రూపాయలు ఎన్నాళ్లు వస్తాయో లెక్కలు తెలిసిన మీరే చెప్పండి. మా ఉత్తరాంధ్ర మత్స్యకారులు వేల మంది గుజరాత్‌లోని వేరావల్‌లో పడవల మీదే చిక్కుకుపోయి ఉన్నారు. వాళ్లకు ఇల్లు ఏది, లాక్‌డౌన్ ఏది?

నాకు తోచిన మార్గం ఒకటి ఉంది. చిన్న తెప్పలను సముద్రంలోకి వెళ్లనివ్వాలి. గాలి ఆడే సముద్రం మీద నలుగురు మనుషుల వల్ల వచ్చే ముప్పు, రేవులో వేలంపాట దగ్గర ఒకరి మీద ఒకరు పడే వందల మంది వల్ల వచ్చే ముప్పు కంటే చాలా తక్కువ. రైతుబజార్లను విశాలమైన మైదానాలకు మార్చి గీతలు గీసి నిలబెట్టినప్పుడు, చేపల అమ్మకాన్ని కూడా అలాగే వార్డుల వారీగా విడగొట్టవచ్చు కదా.

సమాధానం (ప్రభుత్వ ఆసుపత్రి నర్సు)

గడువు ఎప్పటిదాకా ఉండాలో చెప్పేంత జ్ఞానం నాకు లేదు. ఆసుపత్రి లోపలి నుంచి కనిపించే రెండు విషయాలు మాత్రం చెబుతాను.

మాస్టారు మంచాల గురించి, వెంటిలేటర్ల గురించి చెప్పారు. వాటికన్నా ముందు మనుషులు కరవవుతారు. చైనాలో 3,000 మందికి పైగా వైద్య సిబ్బందికి ఈ వ్యాధి సోకింది. కోవిడ్ వార్డులో కొన్నాళ్లు పనిచేసినవారిని తర్వాత క్వారంటైన్‌లో ఉంచాలి కాబట్టి ఒక వార్డు నడవాలంటే ఒకటికి రెండు బృందాలు కావాలి. ఒక్క నర్సుకు సోకితే ఆమెతో కలిసి పనిచేసిన వారందరూ విధులకు దూరమవుతారు. మంచం కొనవచ్చు. ఐసీయూ నర్సును తయారుచేయడానికి ఏళ్లు పడుతుంది. కేసులు నెమ్మదిగా రావాలని మేము కోరుకోవడానికి ఇదే మొదటి కారణం.

రెండో విషయం జాలరిపేట నుంచి రాసిన చెల్లెమ్మ మాటకు దగ్గరగా ఉంటుంది. లాక్‌డౌన్ వల్ల ఆసుపత్రికి రాలేకపోతున్నవారు మా రిజిస్టర్లలో కనిపించరు. డయాలసిస్‌కు వారానికి రెండు మూడు సార్లు రావలసినవారు, టీబీ మందులు మధ్యలో ఆపకూడనివారు, నెలలు నిండిన గర్భిణులు, ఏజెన్సీ నుంచి కిందికి రావలసిన రోగులు బస్సు లేక ఆగిపోతే, ఆ ప్రాణనష్టం ఏ కోవిడ్ లెక్కలోకీ రాదు. టీబీ మందు మధ్యలో ఆపితే జబ్బు మొండిదై, తర్వాత చికిత్స ఇంకా కష్టమవుతుంది. పొడిగిస్తే పొడిగించండి, కానీ ఇలాంటివారి కోసం బండ్లు, పాసులు, ఇంటికే మందులు ఉండాలి. చెక్‌పోస్టు దగ్గర ఆపే కానిస్టేబుల్‌కు డయాలసిస్ కాగితం చూపిస్తే చాలన్నంత స్పష్టంగా ఉత్తర్వు ఉండాలి.

సమాధానం (ఉక్కునగరం)

పనిచేయడమా మూసేయడమా అన్న రెండే దారులు ఉన్నట్టు చర్చ సాగుతోంది. మా ఉక్కు కర్మాగారంలో బొగ్గును కోక్‌గా మార్చే కొలిముల్ని (కోక్ ఓవెన్లను) ఆర్పడం కుదరదు. లోపలి సిలికా ఇటుకలు చల్లారితే పగుళ్లు వచ్చి ఆ ఓవెన్ల వరుస మొత్తం పాడవుతుంది. కాబట్టి ఎంత ముప్పు ఉన్నా కొందరం డ్యూటీకి వెళ్లక తప్పదు. నాకు అర్థమైనంతవరకు ప్రమాదం ఉన్నది యంత్రం దగ్గర కాదు, వెళ్లే బస్సులో, క్యాంటీనులో, షిఫ్టు మారే పది నిమిషాల్లో. ఒక షిఫ్టు వారు మరో షిఫ్టు వారిని కలవకుండా చూసుకుంటే, ఒకరికి సోకినా మిగిలిన షిఫ్టులు నిలబడతాయి. ఆటోనగర్‌లో షెడ్లు తెరిచే రోజు వచ్చినప్పుడు ఈ సంగతి ముందు ఆలోచించండి.

ప్రశ్న అడిగినవారు — ఏప్రిల్ 13

అందరికీ కృతజ్ఞతలు. పెద్దవారిని విడిగా ఉంచవచ్చన్న నా ఆలోచన మా ఇంటి మట్టుకే నిలబడదని మాస్టారి జవాబు చదివాక ఒప్పుకుంటున్నాను. కానీ మాస్టారూ, మీరు మరో రెండు మూడు వారాలు అన్నారు. ఆ వారాల జీతం ఎవరు ఇవ్వాలన్నది మీ సమాధానంలో లేదు. హోంశాఖ ఉత్తర్వు ఆ భారాన్ని నా మీద పెట్టింది. పెద్ద కంపెనీ అయితే మోస్తుంది. రాబడి లేని షెడ్డు రెండో నెల మోయలేదు. మోయలేక నేను మూసేస్తే నష్టపోయేది ఆ వెల్డర్లే. పైగా బిహార్ కుర్రాళ్లకు ఇక్కడ రేషన్ కార్డు లేదు. బియ్యం ప్రస్తుతానికి నేనే ఇస్తున్నాను.

సమాధానం (ఎం.వి.పి. కాలనీ)

మీ అభ్యంతరం న్యాయమైనది. ఊరి మొత్తం భద్రత కోసం మూసిన షెడ్డు జీతాన్ని ఊరి మొత్తం తరఫున ప్రభుత్వమే కొంతైనా భరించాలి. యజమాని ఒక్కడి మీద వదిలేయడం సరికాదు. కార్డు లేని వలస కార్మికులకు ఆధార్ చూసి బియ్యం ఇవ్వాలి. గిడ్డంగుల్లో ధాన్యం ఉంది, అడ్డం వస్తున్నది కాగితమే. ఈ రెండూ లేకుండా పొడిగిస్తే జనం ఆకలితో బయటికి వస్తారు, అప్పుడు వేగం తగ్గించాలన్న నా లెక్క కూడా నిలవదు. తెప్పల విషయంలో అమ్మాయి చెప్పింది సబబుగా ఉంది, రేవు దగ్గర గుంపు లేకుండా చూడగలిగితే నాకు అభ్యంతరం లేదు.

సమాధానం (జాలరిపేట)

రేవులో గుంపు లేకుండా మేము చూసుకుంటాం మాస్టారూ. పడవ దిగే వేళలు పంచుకోవడం మాకు కొత్త కాదు. కానీ అనుమతి ఇస్తూ ముందురోజు రాత్రి చెబితే ఐసు దొరకదు, డీజిలు దొరకదు. ఏ నిర్ణయమైనా కనీసం రెండు రోజుల ముందు చెప్పమని అధికారులను అడగండి, మీ మాట వింటారు.

సమాధానం (నర్సు)

ఆటోనగర్ అన్నగారికి ఒక మాట. షెడ్డు ఎప్పుడు తెరిచినా, అమ్మగారి షుగరు మాత్రలు రెండు నెలలకు సరిపడా ఇప్పుడే తెచ్చి పెట్టుకోండి. ఆమెకు చిన్న ఇబ్బంది వస్తే ఆసుపత్రికి తీసుకురాకుండా, ఈరోజు ప్రభుత్వం ప్రారంభించిన టెలిమెడిసిన్ నంబరు 14410కి ఫోన్ చేయండి. దగ్గు, జ్వరంతో పాటు ఆయాసం ఉంటే మాత్రం ఆగకుండా 108కి చెప్పండి. పని మొదలయ్యాక ఇంటికి రాగానే బట్టలు మార్చి స్నానం చేసి, ఇంట్లో కూడా గుడ్డ మాస్కు కట్టుకుని, కిటికీలు తెరిచిన గదిలోనే ఆమెతో మాట్లాడండి.