అమ్మానాన్నలతో, పిల్లలతో ఇంగ్లండ్ పల్లెసీమల యాత్ర

ప్రశ్న: వృద్ధులైన అమ్మానాన్నలతో, ఇద్దరు పిల్లలతో లండన్ నుంచి బయలుదేరి నాలుగు రోజుల్లో కోట్స్‌వోల్డ్స్ కొండప్రాంతపు పల్లెలు, బాత్ నగరం, ప్రాచీన శిలావలయమైన స్టోన్‌హెంజ్ చూడాలనుకుంటున్నాము. ఎక్కడ బస చేస్తే పెద్దవారికి శ్రమ తగ్గుతుందో దయచేసి తెలుపగలరు.

సమాధానం: రోజుకొక ఊరు మారకుండా బాత్‌లోనే బస చేయండి. అక్కడి రోమన్ స్నానశాలల్లో సుమారు 46 డిగ్రీల వేడినీరు నేటికీ ఉబుకుతూనే ఉంటుంది. పిల్లలను అక్కడి నుంచి కదిలించడం కష్టం. కోట్స్‌వోల్డ్స్ పల్లె అయిన బైబరీలో ఆర్లింగ్టన్ రో అనే పాత రాతి ఇళ్ల వరుసలో ఇప్పటికీ జనం నివసిస్తున్నారు కనుక, గుమ్మాల దగ్గర నెమ్మదిగా మెలగడం మర్యాద.

మరొక సమాధానం: స్టోన్‌హెంజ్ దాకా వెళ్లి, దగ్గరలోని సాల్స్‌బరీ కేథడ్రల్ (పెద్ద చర్చి) చూడకుండా తిరిగి రావద్దండి. దాని శిఖరం 123 మీటర్ల ఎత్తు. అంతకంటే ముఖ్యంగా, రాజు అధికారానికి హద్దులు పెట్టిన 1215 నాటి ఒప్పందపత్రం మాగ్నా కార్టా ప్రతుల్లో మిగిలిన నాలుగింటిలో ఒకటి అక్కడే ఉంది. స్టోన్‌హెంజ్‌లో సందర్శకుల కేంద్రం నుంచి రాళ్ల దగ్గరకు షటిల్ బస్సు నడుస్తుంది కాబట్టి, పెద్దవారు నిశ్చింతగా రావచ్చు.