గిజిగాడి గూళ్ల దగ్గర సోలార్ కెమెరా: ముసురు పడితే మూడో రోజుకే ఆగిపోతోంది

తుమ్మకొమ్మ: హైదరాబాద్ దగ్గర శంకర్‌పల్లి వైపు చెరువు గట్టున తుమ్మచెట్టుకు గిజిగాళ్లు గూళ్లు అల్లుతున్నాయి. కదలికకు మేల్కొనే 4జీ కెమెరా, 12 వోల్టుల 7 ఏహెచ్ (ఆంపియర్-అవర్) లెడ్ యాసిడ్ బ్యాటరీ, 20 వాట్ల ప్యానెల్. ఎండ కాస్తే సరే, ముసురు పట్టిందా మూడో రోజుకే ఆఫ్. ప్యానెల్ పెద్దది వేయాలా?

గట్టుమీది_గూడు: ముందు మెమరీ కార్డులో క్లిప్పులు లెక్కపెట్టండి. వేలాడే గూడు గాలికి ఊగుతూనే ఉంటుంది, వేడెక్కిన ఆకు కదిలినా సెన్సర్ మేల్కొంటుంది. వందల్లో ఖాళీ క్లిప్పులుంటే బ్యాటరీని తింటున్నది అదే. సెన్సర్ ఆపేసి, పొద్దున 6 నుంచి సాయంత్రం 6:30 దాకా నిమిషానికో ఫొటో పెట్టండి, 750 వస్తాయి. అన్నీ కార్డులోనే ఉంచి, మధ్యాహ్నం ఒక్కసారి కొన్ని పంపితే చాలు. మోడెమ్ మాటిమాటికీ నెట్‌వర్క్ వెతుక్కోవడమే అసలు ఖర్చు.

సోలార్_లెక్క: బ్యాటరీ కూడా మార్చండి అన్నా. 7 ఏహెచ్ లెడ్ యాసిడ్‌లో 84 వాట్-అవర్లున్నా, సగానికి మించి వాడితే త్వరగా పాడవుతుంది. 12 ఏహెచ్ లిథియం ఐరన్ ఫాస్ఫేట్‌లో 150 దాకా ఉంటాయి. వాడకం రోజుకు 15 వాట్-అవర్లు దాటకుండా చూస్తే వారం ముసురునైనా తట్టుకుంటుంది. ప్యానెల్‌కూ బ్యాటరీకీ మధ్య ఉండే ఛార్జ్ కంట్రోలర్‌లో బ్యాటరీ రకం మార్చడం మర్చిపోవద్దు.
ప్యానెల్ వంపు సంగతి. మే రెండో వారం నుంచి ఆగస్టు మొదటి రోజుల దాకా మిట్టమధ్యాహ్నం సూర్యుడు మన నెత్తికి కాస్త ఉత్తరానే ఉంటాడు. అందుకే ఈ కాలంలో దక్షిణానికి ఎక్కువ వంచితే నష్టం. వాననీరు జారేలా 10 డిగ్రీలు చాలు.

తుమ్మకొమ్మ: ప్యానెల్ చెట్టుకే కట్టాను. కొమ్మ నీడ కొంచెం పడుతోంది.

సోలార్_లెక్క: ఆ కొంచెమే కొంప ముంచుతుంది. చిన్న ప్యానెల్‌లో సెల్స్ అన్నీ ఒకే వరుసలో కలిపి ఉంటాయి, ఒక్క సెల్ మీద నీడ పడినా మొత్తం కరెంటు పడిపోతుంది. గట్టు మీద ఎండలో జీఐ పైపు పాతి దానికి బిగించండి. 10 మీటర్ల దూరమైతే 1.5 చదరపు మి.మీ. రాగి వైరు వాడండి. కాకులు, గోరింకలు ప్యానెల్ మీద వాలి రెట్ట వేస్తాయి కాబట్టి పక్కనే అంతకంటే ఎత్తుగా ఓ కర్ర నిలబెట్టండి. వాటికి ఎత్తైన చోటే ఇష్టం.

గట్టుమీది_గూడు: కెమెరాను కూడా చెట్టు మీంచి దించి పైపుకే పెట్టండి. చెట్టుకు కట్టిన వైరు చీమలకు వంతెన అవుతుంది, గూట్లో పిల్లలుంటే ప్రమాదం. నైరుతి గాలి తగలకుండా గూళ్లు చాలావరకు చెట్టుకు తూర్పు వైపే కడతాయి, అందుకని కెమెరా తూర్పున నిలిచి పడమరకు చూడాలి. పొద్దుటి వెలుగు గూటి మీద చక్కగా పడుతుంది. కాకపోతే జల్లు నేరుగా లెన్సు మీదికే కొడుతుంది, ముందుకు 5 సెం.మీ. చూరు లాంటిది పెట్టాల్సిందే. వైరు పెట్టెలోకి వెళ్లే ముందు కిందికి వంగి పైకి రావాలి, లేకపోతే నీళ్లు దాని వెంటే లోపలికి పాకుతాయి.
ఒకే గూటికి గురి పెట్టకండి. హెల్మెట్ లాగా సగం అల్లిన గూడు ఆడపిట్టకు నచ్చకపోతే మగపిట్ట దాన్ని వదిలేసి ఇంకోటి మొదలుపెడుతుంది. నాలుగైదు గూళ్లు ఫ్రేములోకి రావాలి.

చెరువుకాపు: ఫొటో బాగా రావాలని ఆకులు, రెమ్మలు కత్తిరించొద్దు, కాకికి దారి చూపినట్టే. వన్యప్రాణి సంరక్షణ చట్టం 1972 ప్రకారం గూళ్లను, గుడ్లను కదిలించడం వేట కిందికే వస్తుంది. చెరువు అభయారణ్యంలో ఉంటే అటవీశాఖ అనుమతి లేకుండా ఏదీ బిగించకూడదు. మార్పులన్నీ గుడ్లు పెట్టకముందే చేయండి. పని మొదలెట్టాక 15 నిమిషాల్లో పిట్టలు తిరిగి అల్లిక మొదలుపెట్టకపోతే అంతా వదిలేసి దూరం జరగండి.

తుమ్మకొమ్మ: లైవ్ పెట్టాలనుంటే?

సోలార్_లెక్క: కెమెరా, మోడెమ్ కలిపి 5 వాట్లు అనుకుంటే రోజుకు 120 వాట్-అవర్లు. ముసురును లెక్కలోకి తీసుకుంటే 60 వాట్ల ప్యానెల్, 40 ఏహెచ్ లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీ కావాలి. 2 ఎంబీపీఎస్‌తో రోజంతా పంపితే డేటా 21 జీబీ దాటుతుంది. పొద్దున ఒక్క గంటే పెట్టండి, అల్లిక జోరుగా సాగేది అప్పుడే.