పెట్రోలు పికప్ స్ప్రింగులు డీజిలు బండికి సరిపోతాయా?

ప్రశ్న (రాయగడ): గుణుపురం సంతకు కూరగాయలు తోలే మా డీజిలు పికప్ ముందు స్ప్రింగులు కుంగిపోయాయి. అదే మోడల్ పెట్రోలు బండివి చవకగా దొరుకుతున్నాయి, బిగించవచ్చాండీ?

జవాబు (పర్లాకిమిడి): దయచేసి బిగించకండి. అధిక కంప్రెషన్‌ను (సిలిండరులో గాలి నొక్కుకుపోయే ఒత్తిడిని) తట్టుకోవాలి కనుక డీజిలు ఇంజనును దిట్టంగా తయారుచేస్తారు. సాధారణంగా పెట్రోలు ఇంజను కంటే బరువుండే ఆ ఇంజను భారం ఎక్కువగా ముందు చక్రాల మీదే పడుతుంది కాబట్టి, అక్కడ గట్టి స్ప్రింగులు అమరుస్తారు. మెత్తనివి వేస్తే ఘాట్ దిగుతూ బ్రేకు నొక్కినప్పుడల్లా బండి ముందుకు వంగి, స్ప్రింగు పూర్తిగా కుంగినప్పుడు దెబ్బను ఆపే బంప్ స్టాపు రబ్బర్లు నలిగిపోతాయి.

జవాబు (జయపురం): వెనుక కమాను కట్టలు (పట్టీల స్ప్రింగులు) మాత్రం ప్రధానంగా మోసే సరుకును బట్టే ఉంటాయి. ముందు స్ప్రింగులు రెండూ ఒకేసారి మార్చండి. కొనేముందు పార్టు నంబరుతోపాటు, స్ప్రింగు మీద రంగు గుర్తు ఉంటే అదీ సరిచూసుకోండి.