చిన్న పనికే ల్యాప్‌టాప్ ఫ్యాన్ హోరు, ప్రాసెసర్ సెట్టింగ్స్ మారిస్తే తగ్గుతుందా?

కడప_లెక్కలు:
అందరికీ నమస్కారం. మాది కడప. రాత్రిపూట టెన్త్ పిల్లలకు జూమ్‌లో లెక్కలు చెప్తుంటాను. ల్యాప్‌టాప్ ఐ5-8250యూ, 8 జీబీ ర్యామ్, విండోస్ 11. క్లాసు మొదలైన కాసేపటికే ఫ్యాన్ హోరు ఎత్తుకుంటుంది, ఇక క్లాసు అయిపోయేదాకా దిగదు. మైక్ ల్యాప్‌టాప్‌దే కాబట్టి ఆ శబ్దమంతా పిల్లలకు పోతుంది, మొన్న ఒక పాప "సార్, మీ దగ్గర వాన పడుతోందా" అని అడిగింది. నాకు బాధేమంటే వెనక బెంచీ పిల్లలు, అంటే మామూలుగానే వినడానికి కష్టపడేవాళ్లు, శబ్దం ఉంటే ఇంకా తొందరగా వదిలేస్తారు.

దుమ్ము దులిపించాను, థర్మల్ పేస్ట్ కూడా కొత్తది వేయించాను. ఇక్కడ ఒక షాపులో ఫ్యాన్ మార్చాలంటున్నారు. కానీ టాస్క్ మేనేజర్‌లో చూస్తే సీపీయూ 30 శాతం దగ్గరే ఉంటుంది, మరి అంత హోరు ఎందుకు? విండోస్ పవర్ సెట్టింగ్స్‌లో మ్యాగ్జిమం ప్రాసెసర్ స్టేట్ 99 శాతం పెడితే తగ్గుతుందని ఎవరో చెప్పారు. ఒక్క శాతం తగ్గిస్తే ఏం తేడా వస్తుంది? ప్రాసెసర్‌కు ఏమైనా అవుతుందా?

అనంత_సర్వీస్:
సార్, ఫ్యాన్ ఇప్పుడే మార్చకండి. మాది అనంతపురం, రిపేర్లే నా పని, ఇలాంటి ల్యాప్‌టాప్‌లు చాలా వస్తుంటాయి. మీరు టాస్క్ మేనేజర్‌లో శాతం ఒక్కటే చూశారు, పర్ఫార్మెన్స్ ట్యాబ్‌లో సీపీయూ మీద నొక్కితే కింద "స్పీడ్" అని ఇంకో అంకె ఉంటుంది, అసలు సంగతి అక్కడుంది. మీ ప్రాసెసర్ బేస్ స్పీడ్ 1.6 గిగాహెర్ట్జ్, టర్బో అనే పై వేగంలో 3.4 దాకా పోతుంది. చిన్న పని వచ్చినా గబగబా ముగించేద్దామని టర్బోలోకి ఎగబాకుతుంది, వేడి పుడుతుంది, ఫ్యాన్ లేస్తుంది. క్లాసు నడిచేటప్పుడు స్పీడ్ 3 గిగాహెర్ట్జ్ పైనే ఉంటే మీ సమస్య టర్బోయే.

99 పెడితే తగ్గేది ఒక్క శాతం కాదు. చాలా ఇంటెల్ ల్యాప్‌టాప్‌లలో 100 అంటేనే టర్బోకు అనుమతి, 99 అనగానే టర్బో మొత్తం ఆగిపోతుంది. ప్రాసెసర్‌కు ఏమీ కాదు, ఎప్పుడు కావాలంటే అప్పుడు మళ్లీ 100 పెట్టుకోవచ్చు. కంట్రోల్ ప్యానెల్‌లో పవర్ ఆప్షన్స్, మీ ప్లాన్ పక్కన చేంజ్ ప్లాన్ సెట్టింగ్స్, అందులో అడ్వాన్స్‌డ్, కిందికి వెళ్తే ప్రాసెసర్ పవర్ మేనేజ్‌మెంట్, దాని లోపల మ్యాగ్జిమం ప్రాసెసర్ స్టేట్. ఆన్ బ్యాటరీ, ప్లగ్డ్ ఇన్ అని రెండు వరసలుంటాయి, మీరు చార్జర్ పెట్టే క్లాసు చెప్తారు కాబట్టి ప్లగ్డ్ ఇన్ దగ్గర మార్చండి. అక్కడే సిస్టమ్ కూలింగ్ పాలసీ కూడా ఉంటే యాక్టివ్ తీసి పాసివ్ పెట్టి చూడండి, అప్పుడు ముందు స్పీడ్ తగ్గించి తర్వాత ఫ్యాన్ పెంచుతుంది. కాకపోతే చాలా ల్యాప్‌టాప్‌లలో ఫ్యాన్‌ను బోర్డు మీదున్న వేరే చిప్పే నడుపుతుంది కాబట్టి దీంతో తేడా రాకపోవచ్చు.

కర్నూలు_కోడర్:
అన్న చెప్పినదాంట్లో తప్పు లేదు, కానీ ఈ ప్రాసెసర్‌కు 99 అంటే మరీ ఎక్కువ కోత. 3.4 నుంచి ఒక్కసారిగా 1.6 దగ్గరికి పడిపోతుంది. జూమ్, స్క్రీన్ షేర్, పెన్ ట్యాబ్లెట్ మూడూ కలిస్తే రాసే గీత చేతి వెనక ఆలస్యంగా వస్తుంది. లెక్కలు చెప్పేవాళ్లకు అది ఫ్యాన్ హోరు కంటే ఎక్కువ చిరాకు.

సార్, ముందు జూమ్ చూసుకోండి. వర్చువల్ బ్యాక్‌గ్రౌండ్ గానీ బ్లర్ గానీ పెట్టుంటే తీసేయండి, ప్రతి ఫ్రేములోనూ మిమ్మల్ని గోడ నుంచి వేరుచేయడం ప్రాసెసర్‌కు పెద్ద పని. వెనక సున్నం గోడ కనిపిస్తే నష్టమేమీ లేదు. హెచ్‌డీ వీడియో కూడా ఆపేయండి, పిల్లలు చూసేది మీరు రాసే బోర్డునే కదా.

ఆ తర్వాత టర్బోను పూర్తిగా ఆపకుండా మధ్యలో ఆపొచ్చు. విండోస్‌లో మ్యాగ్జిమం ప్రాసెసర్ ఫ్రీక్వెన్సీ అని ఒక సెట్టింగ్ దాచి ఉంటుంది. అడ్మినిస్ట్రేటర్‌గా కమాండ్ ప్రాంప్ట్ తెరిచి పవర్‌సీఎఫ్‌జీ కమాండ్‌కు అట్రిబ్యూట్స్ ఆప్షన్ ఇచ్చి, సబ్ ప్రాసెసర్ గ్రూపులోని ప్రాక్‌ఫ్రీక్‌మ్యాక్స్ మీదున్న హైడ్ తీసేస్తే, అన్న చెప్పిన పేజీలోనే ఆ వరస కనిపిస్తుంది. అంకె మెగాహెర్ట్జ్‌లో ఇవ్వాలి, 0 అంటే హద్దు లేదని. అన్ని మెషీన్లూ ఈ మాట వినవు, మీది వింటే మాత్రం 2400 దగ్గర మొదలుపెట్టండి.

మధ్యలో ఆపితే సగం లాభమే కదా అనుకోవద్దు. ప్రాసెసర్ తినే పవర్ స్పీడ్‌తో పాటు ఓల్టేజీ వర్గంతో (స్క్వేర్) పెరుగుతుంది, టర్బో పై మెట్ల మీద ఓల్టేజీ కూడా పెంచాల్సి వస్తుంది, అంటే ఆ చివరి కొన్ని వందల మెగాహెర్ట్జ్‌కే వేడి విపరీతంగా పుడుతుంది. అవి వదులుకుంటే క్లాసులో తేడా తెలియదు, ఫ్యాన్‌కు మాత్రం బాగా తెలుస్తుంది. ఫ్యాన్ సంగతి కూడా అంతే, వేగం సగమైతే శబ్దం దాదాపు 15 డెసిబెల్స్ పడిపోతుంది.

కడప_లెక్కలు:
ఇద్దరికీ చాలా థాంక్స్. స్పీడ్ చూశాను, క్లాసులో 3.1, 3.2 దగ్గరే ఉంది. ముందు 99 పెట్టాను, ఇల్లంతా ప్రశాంతం, కానీ తమ్ముడు అన్నట్టే పెన్‌తో వర్గమూలం గుర్తు గీస్తే గీత ఆగి ఆగి వచ్చింది. బ్లర్ తీసేసి, 99 మళ్లీ 100 చేసి, 2400 పెట్టాను. ఫ్యాన్ తిరుగుతోంది గానీ ఒకే తీరున చిన్నగా, మైక్‌లో వినిపించనంత. పెన్ బాగుంది. కానీ మధ్యాహ్నం సెలవు క్లాసు పెడితే మళ్లీ లేస్తోంది, అదే సెట్టింగ్, అదే పని. ఎందుకు?

సీమ_లినక్స్:
ఎండ, సార్. ఫ్యాన్ చల్లగాలి తయారు చేయదు, గదిలో ఉన్న గాలినే లోపలికి లాగి వేడిని బయటికి తోస్తుంది. ఆ చిప్ తట్టుకునే హద్దు 100 డిగ్రీలు. గది 25 ఉంటే మధ్యలో 75 డిగ్రీల తేడా ఉంటుంది, మన ఊళ్లలో మేలో మధ్యాహ్నం గది 40 ఉంటే మిగిలేది 60. తేడా తగ్గేకొద్దీ అదే వేడిని తోయడానికి ఎక్కువ గాలి కావాలి. పగటికి 2000, రాత్రికి 2400 అని రెండు పవర్ ప్లాన్లు చేసుకుని మార్చుకుంటే సరిపోతుంది.

ఇంకొకటి, ల్యాప్‌టాప్ ఎక్కడ పెడతారు? మన ఇళ్లలో గోడలోకి కట్టిన కడప బండల అరలు ఉంటాయి కదా, చాలామంది అందులో పెట్టి క్లాసులు చెప్తారు. వెనక గోడ, పక్కల గోడ, పైన బండ, బయటికి పోయిన వేడిగాలి తిరిగి లోపలికే వస్తుంది. అడుగున జాలీ ఉన్న వైపు రెండు చెక్క ముక్కలు పెట్టి లేపి, బల్ల మీద పెట్టండి.

లినక్స్ వాడేవాళ్లకు ఈ తిప్పలు తక్కువ. ఇంటెల్ పీస్టేట్ ఫోల్డరులో నో టర్బో అనే ఫైలులో 1 రాస్తే టర్బో ఆగిపోతుంది, రీస్టార్ట్ తర్వాత కూడా ఉండాలంటే టీఎల్‌పీ అనే పవర్ సెట్టింగ్స్ సాఫ్ట్‌వేర్ పెట్టుకోండి.

కడప_లెక్కలు:
అరలోనే పెడుతున్నాను, ఈరోజే తీసేస్తాను. ఓల్టేజీ తగ్గించే సాఫ్ట్‌వేర్లు ఉంటాయంట కదా, అది కూడా చేయమంటారా?

కర్నూలు_కోడర్:
వద్దు సార్. 2019లో ప్లండర్‌వోల్ట్ అనే భద్రతా లోపం బయటపడ్డాక చాలా కంపెనీలు బయాస్ (బోర్డు మీదుండే మూల సాఫ్ట్‌వేర్) అప్‌డేట్‌తో ఆ దారి మూసేశాయి. తెరిచి ఉన్నా, ఎక్కువ తగ్గిస్తే క్లాసు మధ్యలో హ్యాంగ్ అవుతుంది. పిల్లలను కూర్చోబెట్టుకుని ఆ టెన్షన్ ఎందుకు.

అనంత_సర్వీస్:
షాపువాళ్ల మాట మీద కూడా ఒకటి చెప్పాలి. ఇప్పటిదాకా మాట్లాడుకున్నదంతా గాలి హోరు గురించి. చిన్న వేగంలో కూడా గరగర, టిక్‌టిక్ అని వస్తే, ల్యాప్‌టాప్‌ను కొంచెం పక్కకు వంచగానే ఆ శబ్దం మారితే, అది బేరింగ్ అరిగిపోవడం, దానికి ఏ సెట్టింగూ పనిచేయదు. రాత్రి ఇంట్లో సీలింగ్ ఫ్యాన్ ఆపేసి, ల్యాప్‌టాప్ ఏ పనీ లేకుండా ఉన్నప్పుడు చెవి పెట్టి వినండి. గాలి శబ్దం తప్ప ఇంకేమీ లేకపోతే ఫ్యాన్‌కు డబ్బు పెట్టే పని లేదు. గరగర ఉంటే మార్చేయండి, అప్పుడు కూడా పాతది బయటికి తీసి మీ ముందే వేలితో తిప్పి చూపించమని అడగండి.