ఒకే సర్వర్‌లో నలుగురికి ఒకే గిట్ రిపాజిటరీ: అనుమతుల చిక్కు

నమస్కారం. ఒంగోలులో మేం నలుగురం కలిసి రొయ్యల రైతుల కోసం ఒక అప్లికేషన్ తయారుచేస్తున్నాం. చెరువు నీటిలో ఉప్పు శాతం, రోజువారీ మేత లెక్కలు అందులో నమోదవుతాయి. కోడ్ అంతా మా ఉబుంటు సర్వర్‌లో బేర్ గిట్ రిపాజిటరీగా (పని ఫైళ్లు లేకుండా, కోడ్ మార్పుల చరిత్ర మాత్రమే ఉండే చోటు) ఉంది. ఎవరి లాగిన్ వారిదే. అందరం ఒకే గ్రూపులో ఉన్నాం.

ఒకసారి పుష్ (మా మార్పులను సర్వర్‌కు పంపడం) సాఫీగా వెళ్తుంది, మరోసారి ఆబ్జెక్ట్ (గిట్ దాచే డేటా ముక్క) చేర్చడానికి అనుమతి చాలదంటూ ఆగిపోతుంది. ఆబ్జెక్ట్స్ ఫోల్డర్ తెరిచి చూశాను. రెండక్షరాల పేర్లున్న ఉపఫోల్డర్లలో కొన్ని కావలి నుంచి పనిచేసే మిత్రుడి పేరిట, అతని సొంత గ్రూపుతో ఉన్నాయి. అతని యూమాస్క్ (కొత్త ఫైళ్లకు ఏ అనుమతులు తీసేయాలో చెప్పే సెట్టింగ్) 022 కాబట్టి గ్రూపుకు రాసే హక్కే లేదు. కొత్త ఆబ్జెక్ట్ హ్యాష్ (దాని డేటా నుంచి లెక్కించే గుర్తింపు) ఆ అక్షరాలతో మొదలైతే మిగతా ముగ్గురికీ దారి మూసుకుపోతుంది.

రిపాజిటరీలో గ్రూపంతా రాయగలిగేలా చేసే గిట్ సెట్టింగ్ కోర్ డాట్ షేర్డ్‌రిపాజిటరీని గ్రూప్‌గా మార్చి, పాత ఫైళ్ల గ్రూపునూ అనుమతులనూ సరిచేసి, డైరెక్టరీలన్నింటికీ సెట్‌జీఐడీ బిట్ (లోపలి కొత్త ఫైళ్లకు ఆ డైరెక్టరీ గ్రూపే వచ్చేలా చేసేది) పెట్టాలనుకుంటున్నాను. 777 (అందరికీ అన్ని హక్కులూ) ఇచ్చేయమని ఒకరు చెప్పారు కానీ అది నాకు ససేమిరా ఇష్టం లేదు. అదే సర్వర్‌లో వెబ్ అప్లికేషన్ కూడా నడుస్తోంది. దానిలోకి ఎవరైనా చొరబడితే కోడ్‌నూ మార్చేయగలరు.

నేననుకున్న మార్పులు సరిపోతాయా? రాత్రిపూట రూట్ (సర్వర్ అడ్మిన్ యూజర్) పేరిట గిట్ జీసీ (రిపాజిటరీని శుభ్రం చేసి సర్దే ఆదేశం) నడిపే క్రాన్ (నిర్ణీత సమయానికి తానే నడిచే పని) ఉంది, దాన్ని కూడా మార్చాలా? 2022లో వచ్చిన గిట్ 2.35.2 నుంచి ఉన్న సేఫ్ డాట్ డైరెక్టరీ తనిఖీ (వేరొకరి పేరిట ఉన్న రిపాజిటరీని గిట్ తిరస్కరించడం) మళ్లీ అడ్డుపడుతుందా? ఇవన్నీ వదిలేసి గిట్ అనే ఒకే యూజర్‌ను పెట్టి, నలుగురి ఎస్‌ఎస్‌హెచ్ కీలు (సర్వర్‌లోకి లాగిన్ కావడానికి వాడేవి) అందులో చేర్చడమే మేలంటారా? అలా చేస్తే ఎవరు పుష్ చేశారో సర్వర్‌లో ఎలా తెలుసుకోవాలి? ఇలాంటి ఏర్పాటు నడిపినవారు దయచేసి వివరంగా చెప్పండి.