లెస్టర్‌లో ఎమ్మెస్సీ: డిపాజిట్, కౌన్సిల్ ట్యాక్స్, వేసవిలో పని

కొత్తవిద్యార్థి:
సెప్టెంబరులో ఇంగ్లండ్‌లోని లెస్టర్‌లో ఏడాది ఎమ్మెస్సీకి వస్తున్నానండి. నలుగురం కలిసి ప్రైవేటు ఇల్లు తీసుకుందామనుకుంటున్నాం. ముగ్గురం స్టూడెంట్లం, ఒకరు చదువైపోయి పీఎస్‌డబ్ల్యూ (చదువు తర్వాత పని చేసుకునే వీసా) మీద ఉన్న సీనియర్. ఇంటద్దె నెలకు 2,000 పౌండ్లు. ఓనరు రెండు నెలల అద్దె డిపాజిట్ అడుగుతున్నాడు, ఇవ్వచ్చా? స్టూడెంట్లకు కౌన్సిల్ ట్యాక్స్ (ఇంటి మీద స్థానిక సంస్థ వేసే పన్ను) ఉండదంటారు కదా? ఎండాకాలంలో ఫుల్‌టైమ్ పని చేసుకోవచ్చని కూడా విన్నాను.

ఇంటిపని:
ఇవ్వకండి. ఇంగ్లండ్‌లో ఏడాది అద్దె 50,000 పౌండ్ల లోపున్న ఇంటికి డిపాజిట్ 5 వారాల అద్దె దాటకూడదు. నెలద్దెను 12తో హెచ్చవేసి, 52తో భాగించి, 5తో హెచ్చవేయండి. మీ ఇంటికి మొత్తం 2,307.69 పౌండ్లు, తలకు సుమారు 577. డబ్బు చేతికందిన 30 రోజుల్లో దాన్ని డీపీఎస్, మైడిపాజిట్స్, టీడీఎస్ అనే డిపాజిట్ రక్షణ పథకాలలో ఏదో ఒక దాని కింద ఓనరు భద్రపరచాలి. అలా చేసినట్టు కాగితం రాకపోతే గట్టిగా అడగండి, ఖాళీ చేసేటప్పుడు గోడ మరక దగ్గర వాదన వస్తే మీకు అండగా నిలిచేది అదే.

ఒప్పందం నలుగురి పేర్ల మీద ఉమ్మడిగా ఉందేమో కూడా చూసుకోండి. ఉమ్మడిదైతే ఒకరు మధ్యలో వెళ్లిపోయినా వాళ్ల వాటా మిగతా ముగ్గురి నెత్తిన పడుతుంది. తాళం చేతికి రాగానే ప్రతి గదినీ, గ్యాస్, కరెంటు మీటర్లనూ ఫొటో తీసుకోండి. ఇల్లు చూడకుండా, మీ తరఫున ఎవరూ చూడకుండా మాత్రం పైసా పంపొద్దు.

లెక్కలమనిషి:
కౌన్సిల్ ట్యాక్స్ దగ్గరే చాలామంది పొరబడతారు. ఇంట్లో అందరూ ఫుల్‌టైమ్ స్టూడెంట్లయితేనే పూర్తి మినహాయింపు. సీనియర్ కోర్సు ముగిసింది కాబట్టి ఆయన స్టూడెంటు లెక్కలోకి రారు. పన్ను లెక్కలోకి వచ్చే మనిషి ఇంట్లో ఒక్కరే కనుక బిల్లులో 25 శాతం తగ్గి, మిగిలిన 75 శాతం వస్తుంది. చట్టప్రకారం అది కట్టాల్సింది ఆయనే, మీ ముగ్గురూ కాదు. నలుగురూ పంచుకుందామనుకుంటే అది మీలో మీ మాట. ఇంట్లో దిగకముందే తేల్చుకుంటే తర్వాత మొహాలు మాడ్చుకోనక్కర్లేదు.

మినహాయింపు దానంతట అదే వస్తుందని కూర్చోవద్దు. యూనివర్సిటీ నుంచి స్టూడెంట్ సర్టిఫికెట్ తీసుకుని కౌన్సిల్ వెబ్‌సైటులో పెట్టండి. బిల్లు వస్తే చించి పారేయకండి, రిమైండరు తర్వాత కోర్టు సమన్లు వస్తాయి.

వీసామాట:
పని సంగతి. స్టూడెంట్ వీసా మీద టర్మ్‌లో, అంటే చదువు సాగే కాలంలో, వారానికి 20 గంటలే. వారమంటే సోమవారం నుంచి ఆదివారం దాకా, సగటు లెక్క పనికిరాదు. ఒక వారం 24, మరుసటి వారం 16 చేస్తే మొదటి వారమే ఉల్లంఘన. రెండు చోట్ల చేస్తే రెండూ కలుపుతారు. ఆదివారం రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా షిఫ్టు పడితే 2 గంటలు ఈ వారానివి, 6 వచ్చే వారానివి.

ఎండాకాలం మాట డిగ్రీ పిల్లలకు చెల్లుతుంది. ఏడాది ఎమ్మెస్సీలో జూన్ నుంచి డిసర్టేషన్ (పరిశోధన వ్యాసం) కాలం, అది సెలవు కాదు. యూనివర్సిటీ మీ కోర్సుకు ఇచ్చిన టర్మ్ తేదీలే ప్రమాణం, ఆ లెటరు దగ్గర ఉంచుకోండి. కోర్సు అధికారికంగా ముగిశాక వీసా మిగిలిన రోజుల్లో ఫుల్‌టైమ్ చేసుకోవచ్చు.

కొత్తవిద్యార్థి:
ఫుడ్ డెలివరీ చేస్తే గంటల గొడవ ఉండదని ఒకరన్నారు?

వీసామాట:
గంటలు కాదు, అసలు ఆ పనే కుదరదు. డెలివరీ యాప్‌లలో మామూలుగా సెల్ఫ్ ఎంప్లాయ్‌మెంటే, స్టూడెంట్ వీసా మీద అది నిషిద్ధం. ఇంకొకరి అకౌంటు అద్దెకు తీసుకుంటే మరీ ప్రమాదం. జీతం స్లిప్పుతో వచ్చే పనే చూసుకోండి. నేషనల్ ఇన్సూరెన్స్ నంబరు (జీతం, పన్ను లెక్కలకు వాడేది) రాకముందే చేరచ్చు, యజమానికి కావల్సింది మీకు పనిచేసే హక్కుందని ఆన్‌లైన్‌లో చూపే ఈవీసా షేర్ కోడ్. ఇన్సూరెన్స్ నంబరుకు దరఖాస్తు కూడా ఉచితమే, ఎవరికీ ఫీజు ఇవ్వకండి.

ఇంటిపని:
ఇంకొకటి. అడ్రసు కుదిరిన వారంలోనే జీపీ (స్థానిక డాక్టరు) దగ్గర పేరు నమోదు చేయించుకోండి. జ్వరం వచ్చాక పరిగెడితే ఆలస్యమవుతుంది. ప్రాణం మీదికి రాని వైద్య సహాయానికి 111కు ఫోన్ చేయండి, ప్రాణం మీదికొస్తే 999కు. మిక్సీ తెచ్చుకుంటే కన్వర్టరు అక్కర్లేదు, ఇక్కడా 230 వోల్టులే. మూడు పలకల పిన్నుల అడాప్టర్ చాలు. పోపు పెట్టేటప్పుడు వంటింటి తలుపు మూసి కిటికీ తీయండి, లేదంటే స్మోక్ అలారం ఇల్లంతా లేపుతుంది. అలారం మీద గుడ్డ కప్పడం మాత్రం చేయకండి.